ఆన్ ది రోడ్: పెట్రోలు డబ్బులు ఎవరిచ్చారు?

జాక్ కెరువాక్ రాసిన "ఆన్ ది రోడ్" నవల గురించి మన సాఫ్ట్‌వేర్ జనాల్లో రెండు ముఠాలున్నాయి. మొదటి ముఠాకి అది భగవద్గీత. రాజీనామా మెయిల్ కొట్టి, బుల్లెట్ బండెక్కి, లేహ్‌లో దిగిన ఫోటో కింద ఆ పుస్తకం పేరు రాసుకుంటారు. రెండో ముఠాకి అది కుర్రచేష్ట. "ఆ వయసులో అందరం అలాగే అనుకుంటాం గురూ, పెళ్ళయ్యి హోమ్ లోను మొదలైతే అన్నీ సర్దుకుంటాయి" అని నవ్వేస్తారు. చూడ్డానికి ఇద్దరూ బద్ధశత్రువుల్లా ఉంటారు గానీ ఒక్క విషయంలో మాత్రం భలే ఏకాభిప్రాయం: రోడ్డెక్కితే స్వేచ్ఛ, ఇంట్లో ఉంటే బాధ్యత.

నా గొడవల్లా ఈ ఏకాభిప్రాయంతోనే. ఆ నవల్లో ఉన్నది అది కాదు. పుస్తకం పూర్తిగా చదివినవాడెవడూ, నిజంగా చదివి ఉంటే, ఈ రెండు ముఠాల్లో దేన్లోనూ చేరడు. నా లెక్కలో అది స్వేచ్ఛ గురించిన నవల కాదు. ఖర్చెవరు భరించారు, స్నేహితుడు మంచాన పడ్డప్పుడు పక్కనెవరున్నారు, ఈ రెండు ప్రశ్నల గురించిన నవల. చిత్రమేమిటంటే రెండిటికీ జవాబు పుస్తకంలోనే ఉంది, రచయితే రాసి పెట్టాడు. మనం బోర్డర్ దాకా బండి తోలినట్టు ఆ పేజీలన్నీ దాటుకుంటూ వెళ్ళిపోతాం.

చదవని వాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. సాల్ పారడైజ్ అనే కుర్ర రచయిత న్యూయార్క్ దగ్గర ఉంటాడు. డెన్వర్ నుంచి డీన్ మోరియార్టీ అనే ఒక సుడిగాలి వస్తాడు. కార్ల దొంగతనాలు చేసి బాలనేరస్థుల జైల్లో పెరిగినవాడు, నిద్రపోని వాడు, ఏ పనైనా ఈ క్షణమే చెయ్యాలనేవాడు. 1947 నుంచి 1950 దాకా వీళ్ళిద్దరూ కలిసీ విడిపోయీ అమెరికాని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నాలుగుసార్లు దున్నేస్తారు, చివరికి మెక్సికో దాకా పోతారు. సాల్ అంటే కెరువాకే. డీన్ అంటే అతని నిజమైన స్నేహితుడు నీల్ కాసడీ. పుస్తకం 1957 సెప్టెంబరు 5న వచ్చింది, అదే రోజు న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన సమీక్షతో కెరువాక్ రాత్రికి రాత్రి ప్రసిద్ధుడైపోయాడు. అంతవరకూ అందరికీ తెలిసిందే.

ఇప్పుడు లెక్కలు చూద్దాం.

మొదటి ప్రయాణం. సాల్ జేబులో యాభై డాలర్లు. అవెక్కడివి? యుద్ధంలో పనిచేసినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన డబ్బులోంచి దాచుకున్నవి. మ్యాపులో ఆరో నంబరు రోడ్డు తూర్పు నుంచి పడమరకి ఎర్రగీతలా సాగిపోతుంటే చూసి మురిసిపోయి, ఆ ఒక్క రోడ్డు పట్టుకునే దేశం దాటేస్తానని బయల్దేరతాడు. కట్ చేస్తే బేర్ మౌంటెన్ దగ్గర కుంభవృష్టిలో ఒంటరిగా నిలబడి ఉంటాడు, లిఫ్టిచ్చే నాథుడు లేడు. చచ్చినట్టు మళ్ళీ న్యూయార్క్ వచ్చి, ఉన్న డబ్బులో చాలా భాగం తగలేసి షికాగోకి బస్సు టికెట్టు కొంటాడు. ప్రపంచ ప్రసిద్ధమైన రోడ్డు నవల్లో మొదటి మజిలీ బస్సులో జరిగిందండీ. ఈ విషయం ఫోటోల కింద ఎవరూ రాయరు!

డబ్బులైపోయినప్పుడు ఏమవుతుంది? సాల్ ఇంటికి తంతి కొడతాడు. ఇంట్లో ఒకావిడ ఉంది. నవల్లో ఆవిణ్ణి 'ఆంట్' అన్నాడు. ఆ ఇంగ్లీషు మాట అత్తో పిన్నో తేల్చదు కాబట్టి మనం పిన్ని అనుకుందాం. ఆ పిన్ని డబ్బు పంపిస్తుంది, సాల్ బస్సెక్కి ఇంటికొస్తాడు, ఫ్రిజ్‌లో ఉన్నదంతా తినేస్తాడు. నిజజీవితంలో ఆవిడ పిన్ని కూడా కాదు, కెరువాక్ కన్నతల్లి గేబ్రియెల్. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి కొడుకుని పోషించిన మనిషి. కొడుకు రోడ్డు మీద ఎంత దూరం పోయినా, ఆ రోడ్డు రెండో కొస ఎప్పుడూ ఆవిడ వంటింట్లోనే ఉంది. స్వేచ్ఛ అంటున్నామే, దాని సర్వర్ నడిచింది అక్కడ. మనకి కనిపించింది స్క్రీన్ మాత్రమే.

రెండో ప్రయాణం ఇంకా ఘోరం. డీన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రైల్వేలో పనిచేసి దాచిన డబ్బంతా పెట్టి కొత్త హడ్సన్ కారు కొంటాడు. ఇంట్లో భార్య కమీల్, చంటిపిల్ల. వాళ్ళనక్కడ వదిలేసి బయల్దేరతాడు. పెట్రోలుకి డబ్బు చాలదు. అప్పుడు అతని స్నేహితుడు ఎడ్ డంకెల్‌కి ఒక అద్భుతమైన ఐడియా వస్తుంది: గలటియా అనే అమ్మాయి దగ్గర డబ్బుంది, ఆమెని పెళ్ళి చేసుకుంటే ప్రయాణం ఖర్చు ఆమె పెట్టుకుంటుంది. పెళ్ళి చేసుకుంటాడు. దార్లో ఆమె డబ్బైపోతుంది. అయిపోగానే టూసాన్ అనే ఊళ్ళో ఆమెని వదిలేసి వీళ్ళు కారెక్కి చెక్కేస్తారు.

ఇది విలన్లు చేసిన పని కాదు. మన హీరోలు చేసిన పని. నవల్లో దీన్ని సరదా సంఘటనలాగే చెప్తాడు, మనమూ సరదాగానే చదివేస్తాం. ఒక్కసారి ఆ అమ్మాయి మన చెల్లెలనుకుని చదవండి. అక్కర్లేదు, ఊరికే ఒక మనిషనుకుని చదివినా చాలు.

అదే ప్రయాణంలో ఇంకో చిన్న విషయం. సాల్‌కి ప్రభుత్వం నుంచి చెక్కు వస్తే అందులోంచి కొంత తీసి, ఇంటి దగ్గర చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఎదురుచూస్తున్న కమీల్‌కి పంపమని డీన్‌కిస్తాడు. అంటే సాల్‌కి తెలుసు. కారులో పాటలు పాడుకుంటూ పోతున్నప్పుడు వెనకాల ఎవరు కూర్చుని లెక్కపెట్టుకుంటున్నారో అతనికి బాగానే తెలుసు.

ఇక్కడ మన వృత్తివాళ్ళకి మహా ఇష్టమైన ఇంకో పురాణం చెప్పాలి. కెరువాక్ ఈ నవలని మూడువారాల్లో రాసేశాడట, కాగితాలు అతికించి 120 అడుగుల పొడవున చుట్టలా చేసి టైప్‌రైటర్‌కి ఎక్కించి, ఆపకుండా కొట్టేశాడట. రాత్రంతా కాఫీ తాగి కోడ్ కొట్టే మనకి ఈ కథ వింటే ఒళ్ళు పులకరిస్తుంది. నిజమే, 1951 ఏప్రిల్లో అలా టైపు చేశాడు. కానీ 1948 నుంచీ ఈ నవల మీద తంటాలు పడుతూనే ఉన్నాడు, నోటుపుస్తకాల నిండా రాసుకున్నాడు, మొదలుపెట్టి వదిలేసిన రూపాలున్నాయి. టైపు చేశాక కూడా పుస్తకంగా రావడానికి ఆరేళ్ళు పట్టింది, మధ్యలో ఎన్నో దిద్దుబాట్లు. వైకింగ్ ప్రెస్‌లో మాల్కమ్ కౌలీ అనే పెద్దమనిషి వెంటబడకపోతే ఎప్పుడొచ్చేదో. మూడేళ్ళ డిజైను, మూడువారాల బిల్డు, ఆరేళ్ళ టెస్టింగు అన్నమాట. మనం మధ్యలోది మాత్రమే చెప్పుకుంటాం, ఎందుకంటే అది మాత్రమే సినిమాలా ఉంటుంది.

సరే, ఆ మూడువారాలు మాత్రం ఎలా గడిచాయి? మన్‌హాటన్‌లో వాళ్ళ ఫ్లాటులో భార్య జోన్ హావర్టీ ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతూ, ఆయనకి కాఫీలూ సూపూ అందిస్తూ ఉండగా గడిచాయి. ఆ వేసవికే ఇద్దరూ విడిపోయారు. అప్పటికి ఆమె గర్భవతి. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

"ఇంతకీ నీ బాధేంటి, గొప్ప పుస్తకాన్ని అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చోబెట్టి రసీదులు అడుగుతున్నావ్" అంటారేమో. స్నేహం గురించి మాట్లాడమంటారా? మాట్లాడదాం, ఎందుకంటే ఈ నవలని మగవాళ్ళ స్నేహానికి శిఖరం అనేవాళ్ళే ఎక్కువ.

ఆ స్నేహం రికార్డు ఇది. రెండో ప్రయాణం చివర, శాన్‌ఫ్రాన్సిస్కో చేరగానే, డీన్ సాల్‌నీ, మేరీలూ అనే తన మాజీ భార్యనీ చేతిలో డబ్బుల్లేకుండా వీధిలో దింపేసి కమీల్ దగ్గరికి వెళ్ళిపోతాడు. సాల్ ఆకలితో మాడతాడు. అయినా క్షమించేస్తాడు. మెక్సికో నగరంలో సాల్‌కి జిగట విరేచనాలు పట్టుకుంటాయి, జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంటాడు. డీన్‌కి కమీల్ నుంచి విడాకుల కాగితాలు అందాయి, న్యూయార్క్‌లో ఇనెజ్ అనే ఇంకో అమ్మాయి ఎదురుచూస్తోంది. మంచం దగ్గరకొచ్చి వెళ్ళొస్తానంటాడు. వెళ్ళిపోతాడు. పరాయి దేశం, భాష రాదు, మనిషి లేవలేని స్థితి. సాల్‌కి తగ్గాక అర్థమవుతుంది వాడెంత నీచపు పని చేశాడో. అర్థమైన మరుక్షణమే వాడి జీవితంలోని చిక్కుల్ని తలుచుకుని మళ్ళీ క్షమించేస్తాడు.

నా దృష్టిలో నవల మొత్తానికి ఇరుసు ఈ మంచం. నాలుగు ప్రయాణాలు, వేల మైళ్ళు, జాజ్ సంగీతం, రాత్రంతా కబుర్లు, అన్నీ కలిసి ఈ గదికి తీసుకొచ్చాయి. ఇక్కడ ఒక్కటే ప్రశ్న: వీడు ఉంటాడా, పోతాడా? పోయాడు.

అక్కడితో అయిపోతే డీన్ చెడ్డవాడు, సాల్ మంచివాడు అని సర్దుకునేవాళ్ళం. కెరువాక్ అంత తేలిగ్గా వదల్లేదు, అందుకే ఈ నవల మీద నాకింత గౌరవం. చివర్లో డీన్ ఖండం ఆ చివర నుంచి రైల్లో న్యూయార్క్ వస్తాడు, సాల్‌ని చూడ్డానికే. తిరిగి వెళ్ళే రాత్రి చలి కోసేస్తుంటుంది. ఆ రాత్రి సాల్, కొత్త ప్రేయసి లారా, పాత మిత్రుడు రెమీ కలిసి డ్యూక్ ఎలింగ్టన్ కచేరీకి కాడిలాక్ కారులో బయల్దేరుతున్నారు. డీన్ అడిగింది ఒక్కటే, నలభయ్యో వీధి దాకా లిఫ్టు. రెమీ ఒప్పుకోడు. సాల్ గట్టిగా అడగడు. వెనక సీట్లో కూర్చుని చెయ్యి ఊపుతాడు. పాత కోటు వేసుకున్న డీన్ ఒక్కడే నడుచుకుంటూ మలుపు తిరిగిపోతాడు.

చూశారా? ఈసారి వదిలేసింది సాల్. కారు ఉంది, ఖాళీ ఉంది, దూరం కొద్దిపాటిది. దేశమంతా లిఫ్టులడుక్కుని తిరిగినవాడు, తన స్నేహితుడికి నాలుగు వీధుల లిఫ్టు ఇప్పించలేకపోయాడు. మెక్సికోలో వదిలేసినవాడు రోడ్డు మనిషి, న్యూయార్క్‌లో వదిలేసినవాడు అప్పుడే కుదురుకుంటున్న మనిషి. మొదటి ముఠా, రెండో ముఠా అన్నానే, ఇద్దరికీ చెరో సీను రాసి పెట్టాడు మహానుభావుడు. రోడ్డెక్కినా వదిలెయ్యచ్చు, కోటు వేసుకుని కచేరీకి వెళ్తూ కూడా వదిలెయ్యచ్చు.

ఇప్పుడు నాకు ఎదురయ్యే వాదనలు రెండున్నాయి.

మొదటిది: "ఆ కాలం అలాంటిది. ఇప్పటి కళ్ళతో చూసి ఆడవాళ్ళకి అన్యాయం అంటే ఎలా?" దీనికి జవాబు నేను చెప్పక్కర్లేదు, నవల మూడో భాగంలోనే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కమీల్ డీన్‌ని ఇంట్లోంచి గెంటేశాక, స్నేహితులందరూ ఒక గదిలో చేరతారు. అక్కడ మాట్లాడేది ఎవరో తెలుసా? టూసాన్‌లో వదిలేసి వచ్చారే, ఆ గలటియా. డీన్‌ని ముఖాముఖి నిలబెట్టి కడిగేస్తుంది. నీకు నీ సరదా తప్ప ఇంకొకళ్ళ బతుకు పట్టదు, బతుకంటే బాధ్యతగా చేసే పని అని ఎప్పుడైనా తోచిందా అన్న ధోరణిలో ఝాడిస్తుంది. డీన్ దగ్గర జవాబు లేదు. తెల్లబోయి నవ్వుతూ నిలబడతాడు. ఆ కాలం వాళ్ళకి తెలియదనేది అబద్ధం. తెలుసు. చెప్పారు. 1957లో అచ్చయిన పుస్తకంలో, ఒక ఆడమనిషి నోటితో, అచ్చు అక్షరాల్లో ఉంది.

అయితే ఆ తరవాత సాల్ చేసేదే నాకు మింగుడుపడదు. నోరు పెగలని డీన్‌ని చూసి జాలిపడి, వీడొక పిచ్చి మహాత్ముడు అని తీర్మానిస్తాడు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేనివాడికి మహత్వం అంటగట్టడం అన్నమాట! ఇది మనకి బాగా అలవాటైన పద్ధతే కదా. "వాడంతేరా, వాడో టైపు" అంటాం. టీములో ఒకడు కోడు చెక్ చెయ్యకుండా పెట్టేసి వీకెండ్ ట్రిప్పుకి పోతే, శనివారం అంతా కూర్చుని దాన్ని సరిచేసిన అమ్మాయి పేరు ఎవరికీ గుర్తుండదు, వాడు మాత్రం "జీనియస్ మామా, కానీ కొంచెం తిక్క". డీన్ మోరియార్టీలు ఊరికే పుట్టరు, పక్కన ఒక సాల్ పారడైజ్ నిలబడి కథలు చెప్తుంటే పుడతారు.

రెండో వాదన: "సాహిత్యాన్ని సుమతీ శతకంలా చదువుతున్నావ్. భాష చూడు, ఆ వేగం చూడు." చూశాను. పుస్తకం రెండుసార్లు చదివాను, ఆ వాక్యాల ఊపు నాకూ తెలుసు. పేజీలు పేజీలు ఊపిరి తీసుకోకుండా పోతాయి, చదువుతుంటే మనకే బయల్దేరాలనిపిస్తుంది. దాన్ని కాదనడం లేదు. నేనంటున్నది ఒకటే, ఆ వేగానికి పడిపోయి స్పీడోమీటరు మాత్రం చూసి, పెట్రోలు ముల్లు చూడకపోవడం రచయితకి చేసే అవమానం. రెండూ ఒకే డాష్‌బోర్డు మీద పెట్టాడాయన.

ఇక పెద్దవాడవడం గురించి. ఈ నవల అడుగున ఒక తండ్రి ఉన్నాడు. డీన్ వాళ్ళ నాన్న డెన్వర్ వీధుల్లో తాగి తిరిగే దేశదిమ్మరి. వీళ్ళిద్దరూ ప్రతి ప్రయాణంలోనూ ఆయన్ని వెతుకుతున్నామంటారు, ఎప్పటికీ దొరకడు. నవల ఆఖరి పేరాలో కూడా ఆ దొరకని తండ్రి తలపుకొస్తాడు. కెరువాక్ వాళ్ళ నాన్న 1946లో పోయాడు. అచ్చయిన నవల భార్యతో విడిపోవడంతో మొదలవుతుంది గానీ, 1951 నాటి ఆ 120 అడుగుల ప్రతి మొదలయ్యేది తండ్రి చావుతో. ఆ ప్రతిని 2007లో విడిగా అచ్చేశారు, ఎవరైనా చూడొచ్చు. అంటే రోడ్డు మీద పడ్డ ఈ ఇద్దరూ నిజానికి తండ్రి లేని పిల్లలు. ఇంత అర్థమయ్యాక వాళ్ళ మీద కోపం సగం తగ్గుతుంది.

మిగతా సగం మాత్రం తగ్గదు, ఎందుకో చెప్తాను. తండ్రి కోసం ఖండమంతా వెతికిన డీన్‌కి, నవల మూడో భాగం ముగిసేసరికి నలుగురు పిల్లలు లెక్క తేలతారు, జేబులో పైసా ఉండదు. ఇటు జోన్ కడుపులో ఉందన్నానే, ఆ పాప పేరు జాన్ కెరువాక్, 1952లో పుట్టింది. ఆ పిల్ల తనది కాదన్నాడు తండ్రి. ఆమె జీవితం మొత్తంలో ఆయన్ని కలిసింది రెండుసార్లు. పెద్దయ్యాక ఆమె కూడా రోడ్డు పట్టింది, ఆమె కూడా రచయిత్రి అయింది, 1981లో "బేబీ డ్రైవర్" అనే నవల రాసింది. 1996లో నలభై నాలుగేళ్ళకే పోయింది. దొరకని తండ్రి గురించి ఇరవయ్యో శతాబ్దంలోకెల్లా పేరున్న నవల రాసినవాడు, తన కూతురికి దొరకని తండ్రి అయ్యాడు.

ఆ ఇద్దరు మిత్రులు ఏమయ్యారో కూడా చెప్పాలి, ఎందుకంటే ఫోటోల కింద అది కూడా ఉండదు. నీల్ కాసడీ గంజాయి కేసులో 1958లో జైలుకెళ్ళి రెండేళ్ళున్నాడు. 1968 ఫిబ్రవరిలో, మెక్సికోలో శాన్ మిగేల్ దగ్గర రైలు పట్టాల పక్కన స్పృహ తప్పి దొరికాడు, నలభై రెండు నిండకుండానే పోయాడు. కెరువాక్ తాగుడుతో లివరు పాడై 1969 అక్టోబరు 21న ఫ్లోరిడాలో పోయాడు, నలభై ఏడేళ్ళు. అప్పుడు కూడా ఉంటున్నది తల్లి దగ్గరే. నవల్లో కమీల్‌గా కనిపించే కారొలిన్ కాసడీ మాత్రం ముగ్గురు పిల్లల్ని పెంచి పెద్దచేసి, 1990లో తన వైపు కథ రాసుకుంది. ఆ పుస్తకం పేరు "ఆఫ్ ది రోడ్". ఇంతకంటే సూటి జవాబు నేను ఊహించలేను.

ఇంకొకావిడ ఉంది. నవల మొదటి భాగంలో సాల్ కాలిఫోర్నియాలో టెర్రీ అనే మెక్సికన్ అమ్మాయితో కొన్నాళ్ళుంటాడు. పత్తి తీస్తాడు, గుడారంలో ఉంటాడు, ఆమె చిన్న కొడుకుని చూసుకుంటాడు. చలికాలం రాగానే న్యూయార్క్ వెళ్ళిపోతాడు, నువ్వూ వచ్చెయ్యి అంటాడు, రాదని ఇద్దరికీ తెలుసు. ఆ అమ్మాయి అసలు పేరు బీ ఫ్రాంకో. రచయిత టిమ్ హెర్నాండెజ్ ఎక్కడెక్కడో వాకబు చేసి, ఆవిడ ముసలితనంలో ఫ్రెస్నోలో పట్టుకున్నాడు. అంత ప్రసిద్ధ నవల్లో తనున్నానన్న సంగతే ఆవిడకి అప్పటిదాకా తెలియదు! ఆవిడ కథని ఆయన 2013లో నవలగా తెచ్చాడు, ఆ ఏడాదే ఆవిడ పోయింది. ఒకళ్ళ సాహసయాత్రలో పదిహేను రోజుల మజిలీ, ఇంకొకళ్ళకి అది ఊరు, పొలం, పిల్లాడి ఆకలి. రోడ్డు మీద పోయేవాడికి మాత్రమే అది రోడ్డు. పక్కన ఉండేవాళ్ళకి అది ఇంటి ముందు స్థలం.

ఇదంతా మనకెందుకు అంటారా? మనకే కావాలి. మొదటి ముఠా మిత్రులారా, మీరు ఉద్యోగం మానెయ్యండి, లదాఖ్ వెళ్ళండి, కన్యాకుమారి దాకా బండి తోలండి, నాకేం అభ్యంతరం లేదు, కుదిరితే నేనూ వస్తాను. ఒక్కటి మాత్రం చెయ్యండి. మీరు లేని నెలరోజులు ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు, పిల్లకి జ్వరమొస్తే సెలవు ఎవరు పెడుతున్నారు, అమ్మని డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తున్నారు, ఆ పేర్లు కూడా ఫోటో కింద రాయండి. పేర్లు రాయడానికి ఇబ్బందిగా అనిపించకపోతే ట్రిప్పు బాగా జరిగినట్టు లెక్క.

రెండో ముఠా పెద్దలకి కూడా ఒక మాట. లోను కట్టేవాడే పెద్దవాడు అనుకోకండి. జేబులో బోర్డింగ్ పాసు, మెళ్ళో బ్యాడ్జీ ఉంటే పారిపోవడం బాధ్యత అయిపోదు. నాన్నకి ఆపరేషనంటే "రిలీజ్ ఉంది, డబ్బు పంపిస్తున్నాను" అన్నవాళ్ళని మనం ఎందర్ని చూళ్ళేదు? కొందరికి నిజంగా వీలుకాదు, వీసా గొడవలుంటాయి, వాళ్ళ కష్టం వాళ్ళది. వీలుండి కూడా రానివాణ్ణి మాత్రం మనం డీన్ అనం, "బాగా సెటిలయ్యాడు" అంటాం. కాడిలాక్ వెనక సీట్లోంచి చెయ్యి ఊపేది వీడే.

మన బ్యాచిలర్ రూముల్లో, అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడో, మొదటి ఉద్యోగంలో ముగ్గురు కలిసి ఒక గది తీసుకున్నప్పుడో, ఒకడికి కామెర్లొస్తే మిగతా ఇద్దరిలో ఒకడు ఇంటర్వ్యూ వాయిదా వేసుకుని మరీ పథ్యం వండిపెట్టిన సంఘటనలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. వాడెప్పుడూ ఏ కొండా ఎక్కి ఉండడు. వాడి మీద ఎవరూ నవల రాయరు, గోవా ట్రిప్పు కబుర్లలో వాడి పేరు కూడా రాదు. కానీ మెక్సికో నగరంలో ఆ మంచం దగ్గర డీన్ బదులు వాడుంటే ఉండేవాడు. స్నేహానికీ పెద్దరికానికీ నేను వాడేది ఆ ఒక్క టెస్టు కేసు. అందులో ఫెయిలైతే మిగతావన్నీ పాసైనా ఆ బిల్డు నేను ఒప్పుకోను.

కాబట్టి నవల చదవండి. చదవొద్దని నేననడం లేదు, పూర్తిగా చదవమంటున్నాను. చేతిలో ఒక పెన్సిల్ పెట్టుకోండి. డబ్బు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారిన ప్రతి చోటా, ఎవరైనా ఎవర్నైనా ఎక్కడైనా దింపేసి వెళ్ళిపోయిన ప్రతి చోటా మార్జిన్లో ఒక గీత పెట్టండి. పుస్తకం అయ్యాక ఆ గీతలు లెక్కపెట్టి, అప్పుడు చెప్పండి అది స్వేచ్ఛ గురించిన నవలేనా అని. అవునంటే వాదించుకుందాం, నేను ఎక్కడికీ పోవడం లేదు.